సూళ్లూరుపేట పక్షుల పండగ: నేలపట్టుకా, పులికాట్‌కా, పడవకా, అడవికా?

ఫ్లెమింగో ఫెస్టివల్‌కి వెళ్లొచ్చిన చాలామంది నోట వినబడే మాట ఒకటుంది: "పండగ బాగానే ఉంది గానీ పక్షులే కనబడలేదు." పక్షులు అక్కడే ఉంటాయి. మనం వెళ్లిన పూటే తేడా. పండగ పొద్దున తొమ్మిది, పదికి మొదలవుతుంది. ప్రారంభోత్సవం, స్టాళ్లు, బస్సులు అన్నీ ఆ తర్వాతే. పక్షులకేమో ఆరున్నరకే తెల్లారుతుంది, పది దాటాక వాటి సందడి సగం తగ్గిపోతుంది. ఈ రెండింటినీ ఎలా కలుపుకోవాలో తేల్చుకుంటే మిగతా ఎంపికలు తేలికవుతాయి.

ఈ పండగ 2001లో మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరి 18 నుంచి 20 దాకా మళ్లీ జరిగింది. అప్పటి వేదికలు ఐదు: సూళ్లూరుపేట, నేలపట్టు, అటకానితిప్ప, భీమునివారిపాళెం (అందరూ బి.వి.పాళెం అనే అంటారు), ఉబ్బలమడుగు. తేదీలు ఏటా ఒకేలా ఉండవు, జిల్లా అధికారులు ప్రకటించాకే రైలు టికెట్లు కొనండి. 2022లో జిల్లాల విభజనప్పుడు ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకి మారింది. కాబట్టి పాత వివరాలు నెల్లూరు పేరుతోనూ కొత్త ప్రకటనలు తిరుపతి పేరుతోనూ దొరుకుతాయి.

ఐదు చోట్లూ ఒకే రోజు చుట్టేద్దామనుకునేవాళ్లు ఎక్కువ. అలా చేస్తే రోజంతా హైవే మీదే గడుస్తుంది. సూళ్లూరుపేట మధ్యలో ఉంటే నేలపట్టు ఉత్తరాన, తడ, బి.వి.పాళెం దక్షిణాన, పులికాట్ తూర్పున, ఉబ్బలమడుగు నైరుతి వైపు కొండల్లో ఉంటాయి. ఒక పొద్దుటికి ఒక చోటు, ఒక సాయంత్రానికి ఇంకో చోటు. అంతకు మించి పెట్టుకోకండి.

మొదటిసారి వెళ్తున్నారా? నేలపట్టు

పక్షుల్ని చూడడం అలవాటు లేనివాళ్లకి, పిల్లలతో వెళ్లేవాళ్లకి, ఫోన్ కెమెరా తప్ప ఏమీ లేనివాళ్లకి రెండో ఆలోచన అక్కర్లేదు, నేలపట్టే. నాయుడుపేటకీ సూళ్లూరుపేటకీ మధ్య దొరవారిసత్రం దగ్గర హైవే దిగి కొద్ది దూరం లోపలికి వెళ్తే చెరువు వస్తుంది. 1976లో దీన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. చెరువు నీళ్లలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి, వాటి కొమ్మల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. దక్షిణ భారతంలో గూడబాతులు పిల్లల్ని పెంచే పెద్ద స్థావరాల్లో ఇదొకటి.

ఇక్కడ పక్షి దగ్గరగా కనిపించడానికి కారణం ఆ చెట్లే. గూటిలో గుడ్లో పిల్లలో ఉన్న పక్షి తేలిగ్గా ఎగిరిపోదు. చుట్టూ నీళ్లుండడంతో నక్క, పిల్లి లాంటివి చెట్టు దాకా రాలేవు, కట్ట మీద నడిచే మనుషులకి పక్షులు అలవాటు పడిపోయాయి. కాబట్టి కట్ట మీంచి మామూలు బైనాక్యులర్‌తో చూసినా పిల్ల తన తలంతా తల్లి సంచిలోకి దూర్చి చేపలు లాక్కోవడం స్పష్టంగా కనిపిస్తుంది. ఇంత దగ్గరి దృశ్యం మిగతా నాలుగు చోట్లా దొరకదు.

గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, నైట్ హెరాన్లు, తెడ్డుమూతి కొంగలు ఉంటాయి. కొత్తవాళ్లు తరచూ పొరబడేది నత్తగుల్ల కొంగ పిల్ల దగ్గర. పెద్దదానికి ముక్కు రెండు భాగాల మధ్య సందు కనిపిస్తుంది, ఆ గుర్తుతోనే పోల్చుకుంటారు. పిల్లకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. గూటి పక్కన ముక్కు మూసుకున్నట్టున్న బూడిదరంగు కొంగ కనిపిస్తే కొత్త జాతి అనుకోకండి, పక్కనున్న పెద్ద పక్షిని చూసి పోల్చుకోండి.

వెళ్లాల్సిన వేళ గేటు తెరిచిన వెంటనే, లేదంటే మధ్యాహ్నం మూడున్నర తర్వాత. మూడున్నర ఎందుకంటే పొద్దున మేతకి పులికాట్ వైపు వెళ్లిన గూడబాతులు సాయంత్రానికి గుంపులుగా దిగుతుంటాయి. చీకటి పడబోతుంటే నైట్ హెరాన్లు బయల్దేరతాయి. ఒకటి ఇంటికి వచ్చే వేళకి ఇంకొకటి డ్యూటీ ఎక్కుతుందన్నమాట. గేటు ఎన్నింటికి మూస్తారో లోపలికి వెళ్లేటప్పుడే అడిగి పెట్టుకోండి. పండగ రోజుల్లో పదకొండు నుంచి రెండు దాకా స్కూలు బస్సులు వరసకడతాయి, వాచ్‌టవర్ మెట్ల మీద క్యూ ఉంటుంది. టవర్ ఎక్కడం కుదరకపోయినా నష్టం లేదు. పై నుంచి చెరువంతా ఒకేసారి కనిపిస్తుంది, అంతే. పక్షిని దగ్గరగా చూడడానికి కట్టే మేలు. ఎండ మీ వీపు మీద పడేలా చోటు చూసుకుని నిలబడండి. ఎండకి ఎదురుగా నిలబడితే తెల్ల పక్షులన్నీ నల్లటి ఆకారాలుగా కనిపిస్తాయి.

ఒక హెచ్చరిక. గూళ్లున్న చెట్ల కింద నిలబడితే రెట్ట మీద పడుతుంది, గాలి మళ్లితే వాసన కూడా గట్టిగానే ఉంటుంది. పసిపిల్లలతో వెళ్తే టోపీ, ఒక జత మార్చుకునే బట్టలు పెట్టుకోండి.

నేలపట్టు నిరాశపరిచే ఏళ్లూ ఉంటాయి. ఈ ప్రాంతానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వాన తగ్గి చెరువు నిండకపోతే గూడబాతులు గూళ్లు పెట్టవు, పెట్టినా తక్కువ. చెట్ల కింద నీళ్లు లేకపోతే గూటికి కాపలా పోయినట్టే, పైగా దగ్గర్లో చేప కూడా కరువు. బయల్దేరే ముందు వారం, పక్షుల్ని చూసినవాళ్లు తమ లిస్టులు పెట్టే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో నేలపట్టు పేరు కొట్టి, ఇటీవల ఎవరైనా పెట్టిన లిస్టులో గూడబాతుల సంఖ్య చూడండి. పదుల్లో ఉంటే ఆ ఏడు ప్లానులో పులికాట్‌ని ముందుకు జరపడం మంచిది.

రాజహంసలే కావాలా? షార్ రోడ్డు

పండగకి పేరు తెచ్చిన రాజహంసలు (ఫ్లెమింగోలు) నేలపట్టులో ఉండవు. ఈ ఒక్క విషయం తెలియక ఊరికే తిరిగేవాళ్లు ఎంతమందో. అవి పులికాట్ సరస్సువి. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంది. సముద్రానికీ సరస్సుకీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగోడలా పడుకుని ఉంటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి (షార్) వెళ్లే రోడ్డు సరస్సుని కోసుకుంటూ తూర్పుకి సాగుతుంది. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో తారు రోడ్డు. పక్షుల్ని చూడడానికి ఈ రోడ్డే గ్యాలరీ.

ఊరు దాటగానే అటకానితిప్ప వస్తుంది. అటవీశాఖ వాళ్ల పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఇక్కడే ఉంది. మొదట ఇక్కడ ఆగి ఆ రోజు గుంపు ఎక్కడ దిగిందో సిబ్బందిని అడగండి. రాజహంసలు రోజూ ఒకే చోట ఉండవు. నీటి లోతును బట్టి కిలోమీటర్ల కొద్దీ అటూ ఇటూ జరుగుతాయి. వాటికి కావాల్సింది కాళ్లు మునిగేంత నీళ్లు, అడుగున మెత్తటి ఒండ్రు. తలకిందులు చేసి ముక్కును నీళ్లలో పెట్టి బురదనీళ్లని వడకట్టుకుని తింటాయి. తింటూనే పాదాలతో ఒకేచోట తొక్కుతూ చుట్టూ తిరుగుతాయి, అడుగున ఉన్న పురుగూ నాచూ పైకి లేవడానికి. స్టాండు మీద పెట్టి చూసే దుర్బిణి, అంటే స్కోపులో ఈ తొక్కుడు చక్కగా కనిపిస్తుంది.

లోతు లెక్క తెలిస్తే ఏ నెలలో వెళ్లాలో కూడా తేలుతుంది. డిసెంబరు దాకా వానలు దంచితే, కాళంగి, స్వర్ణముఖి నీళ్లు వచ్చి చేరితే, సరస్సు నిండుతుంది, రోడ్డు పక్కన లోతు పెరుగుతుంది, రాజహంసలు దూరంగా నీళ్లు పలచగా ఉన్న అంచులకి వెళ్లిపోతాయి. జనవరి గడిచేకొద్దీ నీరు తగ్గి రోడ్డు దగ్గరికి వస్తాయి. అందుకే తుపాను ఆలస్యంగా వచ్చిన ఏడాది, పండగ జనవరి మొదట్లో పడితే, రాజహంసల కోసమే అయితే ఫిబ్రవరిలో ఒక శనివారం వెళ్లడం నయం. బాగా వానలేని ఏడు అసలు చిక్కు వేరు. ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోయి సరస్సు ఉత్తర భాగం తొందరగా ఎండిపోతుంది. అప్పుడు ఫిబ్రవరి దాకా ఆగడమే తప్పు.

ఇక వెలుగు సంగతి. రోడ్డు ఇంచుమించు పడమర నుంచి తూర్పుకి వెళ్తుంది. జనవరిలో సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలి ఉంటాడు. కాబట్టి రోడ్డుకి ఉత్తరం పక్క, అంటే శ్రీహరికోట వైపు వెళ్తుంటే ఎడమచేతి వైపున్న నీళ్లలో పక్షుల మీద వెలుగు నిండుగా పడుతుంది. కుడిపక్క గుంపు ఎంత పెద్దదైనా ఎండకి ఎదురుగా, మెరిసే నీళ్ల మీద నీడల్లా ఉంటుంది. ఫొటోలు తీసేవాళ్లు కుడివైపు గుంపు మీద ఆశ వదులుకుని ఎడమవైపు చిన్న గుంపునైనా పట్టుకోవడమే తెలివి.

పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర. ఈ రెండు వేళలు దాటితే ఎండ కాగిన బురద మీద గాలి వణకడం మొదలెడుతుంది. అప్పుడు పక్షి అంచులు కరిగినట్టు కనిపిస్తాయి. లెన్సు ఎంత ఖరీదైనా ఆ వణుకుని సరిచేయలేదు. అరవై రెట్లు పెంచే స్కోపుతో చూస్తే వణుకు కూడా అరవై రెట్లే. అప్పుడు స్కోపుని ఇరవై, పాతికకి తగ్గించి చూడాలి.

మొదటిసారి చూసేవాళ్లు రాజహంసని గుర్తుపట్టలేకపోవడం వింతేమీ కాదు. దూరం నుంచి గులాబి రంగు కనిపించదు, ఆరేసిన తెల్లబట్టల వరసలా ఉంటుంది. రెక్క విప్పినప్పుడే లోపలి ఎరుపూ అంచుల నలుపూ బయటపడతాయి. గుంపులో బూడిద, గోధుమ రంగు కలిసినవి ఉంటే అవి ఇంకా పెద్దవాటి రంగు రాని పిల్లలు. ముక్కు గులాబీగా ఉండి కొస మాత్రమే నల్లగా ఉంటే పెద్ద రాజహంస. ముక్కంతా ముదురు ఎరుపైతే చిన్న రాజహంస, అది ఇక్కడ అరుదు. వాటితో పాటు సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, గులాబి కాళ్ల స్టిల్టులు, గాడ్‌విట్లు, నీళ్ల అంచున పరుగులు పెట్టే బుల్లి ప్లవర్లు ఉంటాయి. ఈ చిన్నవాటి మీద ఆసక్తి పుట్టినవాళ్లకి షార్ రోడ్డు ఒక పూట చాలదు.

ఇక్కడ జరిగే తప్పులన్నీ దగ్గరికి వెళ్లాలనే ఆరాటం వల్లే. గుంపులో తలలు ఒక్కొక్కటిగా పైకి లేస్తున్నాయంటే మిమ్మల్ని గమనించాయి. అన్నీ ఒకే దిక్కుకి నడక మొదలెడితే ఇంకొక్క అడుగుకి ఎగిరిపోతాయి. తల లేపినప్పుడే ఆగి, రెండడుగులు వెనక్కి వేస్తే మళ్లీ మేతకి వంగుతాయి. ఎండి పగుళ్లిచ్చిన సరస్సు నేల గట్టిగా కనిపిస్తుంది, నమ్మకండి. పైనున్న పెచ్చు కింద అంతా అడుసే. మనిషైతే మోకాలి దాకా దిగబడి చెప్పులు పోగొట్టుకుంటాడు, కారైతే ట్రాక్టరు రావాల్సిందే. రోడ్డు మీద కూడా ఇష్టమొచ్చిన చోట ఆపడం కుదరదు. షార్ బస్సులు వేగంగా వస్తాయి, పోలీసులు పొమ్మంటారు. రోడ్డు పక్కన జాగా ఉన్న చోట బండిని పూర్తిగా కిందికి దింపి ఆపుకోండి. డ్రోన్ సంచిలోంచి తీయనే వద్దు, అంతరిక్ష కేంద్రం పక్కన అది కేసు అవుతుంది. గేట్ల వైపు, కట్టడాల వైపు కెమెరా తిప్పకండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ దారిలో ఆంక్షలుంటాయి. పండగ తేదీలతో పాటు ప్రయోగాల తేదీలు కూడా ఒకసారి చూసుకోవాలి.

రోడ్డు పొడవునా మరుగుదొడ్డి, టీకొట్టు లాంటివి నమ్ముకోలేరు. అటకానితిప్పలోనో సూళ్లూరుపేటలోనో పని ముగించుకుని కదలండి.

బి.వి.పాళెం పడవ: పక్షులకా, షికారుకా?

తడ దగ్గర సరస్సు ఒడ్డున ఉన్న ఊరిది. పడవ షికారు దీనికి ఆకర్షణ, పండగప్పుడు ఇక్కడే జనం ఎక్కువ. నిజం చెప్పాలంటే రాజహంసల్ని దగ్గర్నుంచి చూద్దామని పడవెక్కితే డబ్బులు దండగ. పడవ తిరగడానికి లోతు కావాలి, మేత మేసే రాజహంసకి లోతు తక్కువుండాలి. పైగా మోటారు మోత. దాంతో పడవ చేరేలోపు అవి లేచిపోతాయి. పడవలోంచి బాగా కనిపించేవి గల్స్, టెర్న్స్, నీటికాకులు, వలల దగ్గర తిరిగే గరుడ గద్దలు. బ్రౌన్-హెడెడ్ గల్స్ పడవ వెంటే వస్తాయి, పిల్లలకి భలే సరదా. వాటికి చిప్స్, బూందీ విసరకండి. ఉప్పూ నూనె వాటికి పడవు, ఒకసారి అలవాటైతే చేపలు పట్టడం మాని పడవల చుట్టూనే తిరుగుతాయి.

షికారు కోసమే అయితే పొద్దున వెళ్లండి. మధ్యాహ్నం తర్వాత సముద్రం గాలి లేచి నీళ్లు ఎగుడుదిగుడు అవుతాయి, తుంపర మీద పడుతుంది. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, ఇచ్చినా బకిల్ తెగిన జాకెట్ ఇచ్చే పడవ ఎక్కవద్దు. పిల్లల సైజు జాకెట్ ఉందా అని ఎక్కేముందే అడగాలి. పెద్దల జాకెట్ వేస్తే పిల్లలు నీళ్లలో పడ్డప్పుడు అది పైకి జారిపోతుంది. కెమెరాకి జిప్ కవర్ తప్పదు, ఉప్పు తుంపర లెన్సు రింగులో ఆరితే ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది.

సరస్సు మధ్యలో ఇరకం దీవి ఉంది, జనం ఉండే ఊరు. అక్కడిదాకా వెళ్లాలంటే తిరుగు పడవ ఎన్నింటికో తెలుసుకుని వెళ్లాలి. పండగ రోజున ఆ పని పెట్టుకోకపోవడమే మేలు.

ఉబ్బలమడుగు: వేరే పక్షులు, వేరే పద్ధతి

తడ నుంచి వరదయ్యపాలెం మీదుగా వెళ్తే వచ్చే అడవి, కొండవాగు. చెన్నై వాళ్లు దీన్నే తడ ఫాల్స్ అంటారు. మిగతా వేదికలన్నీ నీటి పక్షులవైతే ఇక్కడ అడవి పిట్టలు. వడ్రంగిపిట్టలు, పిగిలిపిట్టలు, వంగపండులు, పొడవాటి తెల్లతోకతో వెళ్లే తోకపిగిలిపిట్ట, వాగు దగ్గర లకుముకిలు. చలికాలంలో పొన్నంకి పిట్ట కూడా దొరికే అవకాశం ఉంది, అది నేలమీద రాలిన ఆకుల్ని ఎగదోస్తూ తిరుగుతుంది. అందుకని పైకి మాత్రమే చూస్తూ నడిస్తే దాటిపోతారు.

ఇక్కడ కంటికంటే చెవికి పనెక్కువ. పక్షి ఆకుల్లో ఉంటుంది, కూత వినబడుతుంది. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెబుతుంది గానీ అడవిలో సిగ్నల్ ఉండదనుకోండి, ఇంటి దగ్గరే భారతదేశపు పక్షుల ప్యాక్ దించుకుని రండి. యాప్‌లోని కూతని స్పీకరులో పెట్టి పక్షిని పిలిచే అలవాటు కొందరికుంది. మగపక్షి తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందనుకుని మేత వదిలేసి వెతుకుతుంది. ఆ పని చేసే గైడు వద్దనండి.

ఆరున్నర నుంచి తొమ్మిది లోపు అయిపోవాలి. ఆ తర్వాత ఈతకి వచ్చే గుంపులు, వాళ్ల స్పీకర్లు. పండగ బస్సులో వస్తే ఈ వేళకి చేరలేరు. పక్షుల కోసమే అయితే సొంత బండి తప్పదు. రాళ్లు నాచుపట్టి జారతాయి, మడుగులు పైకి కనిపించినంత పలచన కావు. వానలు పడిన వారంలో అటవీశాఖ దారి మూసేస్తుంది, కొండ మీద పడిన వాన కింద ఉన్నవాళ్లకి తెలియకుండానే వాగులోకి దిగుతుంది కాబట్టి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఇక్కడికి తీసుకురాకండి, ఆ పూట వాళ్లని నేలపట్టు కట్ట మీద కూర్చోబెడితే వాళ్లకే ఎక్కువ పక్షులు కనిపిస్తాయి.

సూళ్లూరుపేట మైదానం

సాంస్కృతిక కార్యక్రమాలు, స్టాళ్లు, సాయంత్రం పాటలు. పక్షులు చూసి ఐదున్నరకి తిరిగొచ్చాక ఇక్కడికి రావడమే సరైన వరస. మైకుల దగ్గర్లో లాడ్జి తీసుకుంటే మర్నాడు ఐదింటికి లేవడం కష్టం. గదులు దొరకడమూ కష్టమే.

ఎక్కడ దిగాలి, ఎటు నుంచి మొదలెట్టాలి

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి మీదుగా వచ్చేవాళ్లు నాయుడుపేటలో హైవే ఎక్కుతారు. వాళ్లకి నేలపట్టే ముందు వస్తుంది. రాత్రికి నాయుడుపేటలో ఉండి పొద్దున నేలపట్టు, సాయంత్రం షార్ రోడ్డు చేసుకోవచ్చు. పండగ రద్దీ కూడా నాయుడుపేటలో తక్కువ. చెన్నై నుంచి వచ్చేవాళ్లకి లోకల్ రైలు సూళ్లూరుపేట దాకా ఉంది, సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి ఎక్కాలి. పొద్దుటి మొదటి బండిలో బయల్దేరినా షార్ రోడ్డు పొద్దుటి వెలుగు అందడం అనుమానమే. అందుకని ఒక్కరోజు ప్రయాణమైతే వరస తిప్పండి: మధ్యాహ్నం దాకా నేలపట్టు, నాలుగింటికి పులికాట్. హైదరాబాద్, విజయవాడ వైపు వాళ్లు రాత్రి రైల్లో గూడూరులోనో నాయుడుపేటలోనో దిగితే తెల్లారేసరికి నేలపట్టు అందుతుంది.

పండగప్పుడు సూళ్లూరుపేట నుంచి వేదికలకి ఉచిత బస్సులు నడపడం ఉంది. పిల్లలకి, చేతిలో డబ్బు తక్కువున్న కాలేజీ కుర్రాళ్లకి అవి మంచివే. కాకపోతే బస్సు మీ కోసం రాజహంసల దగ్గర ఆగదు. నలుగురు కలిసి రోజుకి కారు మాట్లాడుకుంటే, తెల్లవారుజామున ఐదున్నరకి రమ్మని ముందురోజే డ్రైవరుతో ఖాయం చేసుకోవాలి. "పొద్దున్నే" అంటే ఎనిమిది అనుకునే డ్రైవర్లే ఎక్కువ. టైము అంకెల్లో చెప్పండి.

గైడెడ్ వాక్ ఉంటే దేనికి పేరివ్వాలన్నది ఇంకో ప్రశ్న. నేలపట్టులో గైడు లేకున్నా నష్టం లేదు, పక్షులు ఎదురుగా ఉంటాయి, బోర్డులుంటాయి. షార్ రోడ్డు మీద స్కోపు పట్టుకొచ్చే గైడు దొరికితే మాత్రం వదలకండి. అక్కడ మన కంటికి గీతలా కనిపించేది అతని స్కోపులో ఆరేడు జాతులవుతుంది. ఒక్క స్కోపుకి పదిమంది దాటితే ఒక్కొక్కరికి అర నిమిషం కూడా రాదు. గుంపులో ఎంతమంది, స్కోపులు ఎన్ని అని పేరిచ్చే ముందే అడగండి.

చేతిలో ఏం ఉండాలి

బైనాక్యులర్ కొనబోయేవాళ్లు 8×42, 10×42 మధ్య తేల్చుకోలేరు. మొదటి అంకె పెద్దదిగా చూపే రెట్లు, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. ఎనిమిది రెట్లదాంట్లో చుట్టూ కనిపించే మేర ఎక్కువ, చెయ్యి వణుకు తక్కువ తెలుస్తుంది, చీకటి అడవిలో బొమ్మ కాస్త వెలుగ్గా ఉంటుంది. పది రెట్లది షార్ రోడ్డు మీద దూరపు గుంపుకి పనికొస్తుంది గానీ ఉబ్బలమడుగులో కొమ్మ మారే పిట్టని పట్టుకోవడానికి ఇబ్బంది. ఒక్కటే కొనేటట్టయితే 8×42. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పు కిందికి తిప్పి పెట్టుకోవాలి, లేకపోతే బొమ్మ చుట్టూ నల్ల వలయం వస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మే మడిచేసే చిన్న బైనాక్యులర్లు, "వంద రెట్లు" అని రాసినవి కొనకండి. అంత చిన్న అద్దంతో అన్ని రెట్లు పెంచితే చీకటి, వణుకు తప్ప ఏమీ కనిపించవు.

కెమెరా ఉన్నవాళ్లకి నేలపట్టులో 300, 400 మిల్లీమీటర్ల లెన్సు సరిపోతుంది. పులికాట్‌కి 500 పైన ఉన్నా దూరమే అనిపిస్తుంది. అంత లెన్సు లేకపోతే ఒంటరి పక్షి కోసం తంటాలు పడకుండా సరస్సు, ఆకాశం, గుంపు మొత్తం వచ్చేలా తీయడమే దారి. తెల్ల పక్షుల్ని ఎండలో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒకటి రెండు మెట్లు తగ్గించండి, లేకపోతే ఈకల గీతలు పోయి తెల్ల మచ్చలా వస్తుంది. ఆకాశంలో ఎగిరే గూడబాతుకి దానికి పూర్తిగా రివర్సు: పెంచాలి.

బట్టలు మట్టి, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో ఉంటే చాలు. తెల్లచొక్కా, ఎర్రచీర దూరం నుంచే పక్షికి తెలుస్తాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, చేతిలో చిల్లర నోట్లు.

ఏ పూటకి ఏది

మూడు రోజులుంటే: మొదటి పొద్దున నేలపట్టు, సాయంత్రం షార్ రోడ్డు. రెండో పొద్దున మళ్లీ షార్ రోడ్డు, ఎందుకంటే రెండు పూటల్లోనూ గుంపులు వేరే చోట ఉంటాయి. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం మైదానం. మూడో పొద్దున ఉబ్బలమడుగు, మనసైతే దారిలో బి.వి.పాళెం. ఒకే రోజుంటే ఉబ్బలమడుగునీ పడవనీ నిస్సంకోచంగా కొట్టేయండి. ఒక్క పూటే ఉందంటే నేలపట్టు. ఫొటోలే ముఖ్యమైతే పండగ వారంలో వెళ్లకండి, ముందు వారమో తర్వాతి వారమో మంగళ, బుధవారాల్లో వెళ్లండి. సంక్రాంతి మూడు రోజులు, ముఖ్యంగా కనుమ నాడు, ఊళ్ల జనమంతా నేలపట్టుకి, సరస్సుకి వస్తారు. ఆ రోజు పక్షుల్ని చూద్దామనుకోవద్దు.

అసలు రాలేనివాళ్లకి ఇదే కాలంలో వేరే చోట్లున్నాయి. గూడబాతుల్ని గూళ్లతో చూడాలంటే కొల్లేటి ఒడ్డున కైకలూరు దగ్గరి ఆటపాక, గుంటూరు పక్కన ఉప్పలపాడు ఊరి చెరువు, శ్రీకాకుళం వాళ్లకి టెక్కలి వైపు తేలినీలాపురం. ఉప్పలపాడు ఒక్క గంటలో చూసేయొచ్చు, నడక తక్కువ. చెన్నైలో ఉండే తెలుగువాళ్లకి పులికాట్ దక్షిణపు అంచు, తమిళనాడు వైపున్న పళవేర్కాడు, సూళ్లూరుపేట కంటే దగ్గర. హైదరాబాద్ వాళ్లు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువుకి ఆదివారం పొద్దున వెళ్లి, అక్కడ బైనాక్యులర్ పట్టడం, నీటి పక్షుల్ని పోల్చుకోవడం అలవాటు చేసుకుంటే వచ్చే జనవరికి షార్ రోడ్డు మీద టైము వృథా కాదు.